నడిదూలంలో ఒట్టు

పోయిన వారం మనం గోవిందరాజప్పను ఇంటి కప్పు మీదే వదిలేసి వచ్చాం. ఐప్పసి నెల వాన కాస్త తెరిపి ఇచ్చిన పొద్దున, పగిలిన నాటు పెంకొకటి చేతిలో పట్టుకొని, ఎక్కడ కాలు మోపితే ఏది విరుగుతుందోనని ఆయన అక్కడే కూర్చుండిపోయాడు. కింద వాకిట్లో తమ్ముడు సెల్వరాజ్ పెండ్లాం యోగలక్ష్మి నిలబడి ఉంది. నాయన పోయాక ఇంటి నడుమ గోడ లేచి, అన్నదమ్ములు చెరి సగమైన నాటినుంచి ఆమె ఈ పక్క గడప తొక్కలేదు. ఈ రోజు తొక్కింది. పాత కప్పు దించి ఇల్లంతటికీ కలిపి కాంక్రీటు వేసుకుందామా, కాదంటే తన సగం తాను వేసుకోవాలా, ఔనో కాదో ఇప్పుడే తేల్చమని మొగుడు పంపితే వచ్చింది.

గోవిందరాజప్ప నిచ్చెన దిగాడు. మరదలి వైపు చూడలేదు. చేతిలో ఉన్న పగిలిన పెంకును గోడకు ఆనించి పెట్టాడు. పనికి రాదని తెలిసినా దాన్ని పారేయడానికి ఆయనకు చేయి రాలేదు. అట్లాంటివి ఆ గోడవారన ఇప్పటికే చాలా చేరి ఉన్నాయి.

"కాళ్ళు కడుక్కో అయ్యా. లోపల ఆరిన చోటు చేరెడు ఉండాది, దాన్నీ బురద చేస్తావు" అంది పెండ్లాం కెంచమ్మ, లోపలినుంచి.

ఆమె చెప్పింది నిజమే. ఇంట్లో కాలు పెడితే ముందు వినపడేది చినుకుల చప్పుడు. వాన నిలిచినా కప్పు తాగిన నీళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నాయి. సత్తు గిన్నెలో పడేది ఒక చప్పుడు, ప్లాస్టిక్ బకెట్లో పడేది ఒక చప్పుడు, పాల క్యాన్ మూతలో పడేది మరొకటి. ఏ చప్పుడు మారితే ఏ గిన్నె నిండిందో కెంచమ్మకు పొయ్యి దగ్గర కూర్చునే తెలిసిపోతుంది. గోడలు కిందినుంచి పైకి చెమ్మ పీల్చి, సున్నం పొక్కులు లేచి, ఎండిన పుండు పొట్టులా రాలుతున్నాయి. రాగుల మూట మీద టార్పాలిన్ కప్పారు. దాని మీద కూడా ఒక చుక్క పడుతోంది, పడి జారుతోంది.

ఒక్క చోటే తడి లేదు. కప్పు కొప్పుకు సరిగ్గా కింద, అంటే తూర్పునుంచి పడమరకు ఇంటి పొడుగునా పోయే నడిదూలం కింద, మధ్య గోడకు ఆనుకొని ఒక మంచమంత జాగా. అక్కడ గోవిందరాజప్ప మేనత్త పుట్టమ్మను పడుకోబెట్టారు. వత్తల్‌మలై కొండ మీద ఇచ్చిన మనిషి. మొగుడు పోయాక కొండ దిగి పుట్టింటికి వచ్చేసింది. తుంటి విరిగినప్పటినుంచి లేవలేదు. కండ్లకు పొర కమ్మింది. వాన పడినప్పుడల్లా ఆమె మంచం ఇల్లంతా తిరిగి తిరిగి, చివరికి ఆ గోడ పక్కన నిలిచింది.

"ఎవురది వచ్చింది? గాజుల చప్పుడు కొత్తగా ఉండాదే" అంది పుట్టమ్మ.

"నేనే అత్తా, యోగలక్ష్మిని."

"నువ్వా! రా, రా. ఇంత దూరం ఎట్ల వచ్చితివి తల్లీ? బస్సు దొరికిందా?"

కెంచమ్మకు నవ్వు వచ్చింది. గోడకు అవతల కాపురం ఉండే మనిషి ఇంత దూరం వచ్చిందట. యోగలక్ష్మికి మాత్రం నవ్వు రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమెది బి. మల్లాపురం. అరవం మాట్లాడే ఇంట పుట్టింది. పెండ్లయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో జరిగే మాటలు ఆమెకు సగమైనా తెలిసేవి కావు. ఇప్పుడు తెలుగు బాగానే వస్తుంది, కోపం వచ్చినప్పుడు తప్ప.

"బావా, ఆయన పిల్లర్లు లేపేదానికి మేస్త్రీని పిలిచినాడు. వానకాలంలో పెంకు ఓడు ముందే దించితే ఇల్లు మునిగిపోతాది, కాబట్టి ముందు పిల్లర్లు, చివరికి కప్పు అన్నాడు మేస్త్రీ. మీరు ఔనంటే రెండు పక్కలా ఒకేసారి అయిపోతాది. ఏమంటారు?"

గోవిందరాజప్ప దూలం కేసి చూశాడు.

"అడిగినావు కదా, ఇంక కూర్చో" అంది కెంచమ్మ. "మీ బావ బదులు చెప్పేటప్పటికి మామిడి కాపు వస్తాది. ఈయన నోరు తెరిచేదానికి కూడా ముహూర్తం చూడాల."

"కూర్చునేదానికి రాలే అక్కా. ఆయన గడపార పట్టుకొని నిలబడి ఉండాడు."

"మా మలై మీద అంతా గడ్డి కప్పే" అంది పుట్టమ్మ ఎవరూ అడగకుండానే. "కారితే ఇంకొక మోపు గడ్డి వేస్తారు. ఇంత రచ్చ లేదమ్మా."

గోవిందరాజప్ప తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. తరువాత, మాట అయిపోయిందన్నట్టు, "కప్పు దించేది లే" అన్నాడు.

"ఏమిటికి?"

గోవిందరాజప్ప తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"అదే ఏమిటికి అని అడుగుతా ఉండాను బావా. మీరు కప్పెక్కి ఓడు మార్చతానే ఉండారు. ఈ పక్క మూస్తే ఆ పక్క కారతాది. మీ ఇల్లు కారతాది, మా ఇల్లు కారతాది. పోయిన వానకు మా పిల్ల రక్ష పుస్తకాలన్నీ నాని ముద్దయినాయి. దాన్ని చూసి ఆయన ఏడ్చినాడు. మీ తమ్ముడు ఏడ్చేది మీరు చూసినారా ఎప్పుడైనా?"

ఆ మాట గోవిందరాజప్పకు ఎక్కడో తగిలింది. తమ్ముడు చిన్నప్పుడు ఏడిస్తే ఎత్తుకొని తిప్పింది ఆయనే. కానీ తగిలినట్టు మొహంలో తెలియనివ్వలేదు.

"నాయనకు మాట ఇచ్చినాను" అన్నాడు.

"అదొకటి" అంది కెంచమ్మ. "నాయనకు మాట, నాయనకు మాట. ఇదే పాట. ఆ మాట ఏమో నాకూ చెప్పలే, తమ్మునికీ చెప్పలే. కట్టుకున్నదాన్ని నేను, నాకే తెలియదంటే ఇంక ఊరికేం తెలుస్తాది? మీ నాయన ఏమన్నాడయ్యా? కప్పు కింద బంగారం దాచినానన్నాడా? చెప్పు, ఈ పొద్దయినా చెప్పు. లేదంటే ఈ గిన్నెలన్నీ ఎత్తి నీ తలమీద పెడతాను. నువ్వే పట్టుకో చినుకులు."

బయట మళ్ళీ మబ్బు కమ్మింది. ఇంట్లో వెలుగు సన్నగిల్లింది. గోవిందరాజప్ప మేనత్త మంచం కోడు మీద చేయి పెట్టి, దూలం కేసి చూస్తూ మాట మొదలుపెట్టాడు. ఆయనకు మాటలు పేర్చడం రాదు. పెంకులు పేర్చినట్టు ఒకదాని కింద ఒకటి, నెమ్మదిగా పెట్టాడు.

నాయన గోపాలసామికి పక్షవాతం కొట్టి నోరు ఒక పక్కకు లాగేసిన రోజులవి. మాట సగం లోపలే ఉండిపోయేది. చివరి పొద్దున గోవిందరాజప్పను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. బాగున్న చేయి పైకెత్తి కప్పు చూపించాడు. 'దూలం' అన్నాడు. ఊపిరి తీసుకొని 'ఒట్టు' అన్నాడు. మళ్ళీ 'ఒట్టు... విడ...' అన్నాడు. ఆ పైన మాట రాలేదు.

"ఒట్టు విడవొద్దు అన్నాడు" అన్నాడు గోవిందరాజప్ప. "నాయన చేతిలో చేయి వేసినాను. ఒట్టు నాయనా, ఈ దూలం ముట్టను, కప్పు దించను, ఎవురినీ దించనీను అన్నాను. నాయన తల అడ్డంగా ఊపినాడు. నా మాట నమ్మలేదేమో అనుకొని మళ్ళీ ఒట్టు పెట్టినాను. మళ్ళీ ఊపినాడు. మూడోసారి కూడా పెట్టినాను. అప్పుడు నాయన కండ్లలో నీళ్ళు వచ్చినాయి. చల్లగా పోయినాడు."

ఇంత పొడుగు మాట ఆయన నోట రావడం కెంచమ్మ పెండ్లయినప్పటినుంచి వినలేదు. ఆమె చేతిలోని గిన్నె అట్లాగే ఆగిపోయింది.

యోగలక్ష్మి ఒక అడుగు ముందుకు వేసింది. కొంగు చివర వేలినుంచి జారింది.

"బావా, ఆ పొద్దు నేను ఉండాను."

"యాడ?"

"వాకిలి దగ్గర. మామకు కంజి తెచ్చినాను. పెండ్లయి నెల కూడా కాలే. లోపలికి రావాలా వద్దా తెలియక గిన్నె పట్టుకొని నిలబడినాను. మామ చెప్పింది నేను కూడా విన్నాను." "మామ ఒట్టు వేయమనలే, బావా."

"విన్నావు కదా. ఒట్టు అన్నాడు కదా!"

"ఒట్టు అన్నాడు. మీ ఒట్టు కాదు, మా అరవం ఒట్టు."

గోవిందరాజప్పకు అర్థం కాలేదు. కెంచమ్మకు కూడా కాలేదు. యోగలక్ష్మి ఒకసారి ఇటూ అటూ చూసింది, మాట ఎక్కడ దొరుకుతుందా అని వెదుక్కుంటున్నట్టు. తరువాత కిటికీలోంచి, ఇంటి వెనక నల్లగా తడిసి నిలబడిన మామిడితోట చూపించింది.

"తోటలో ఏమి చెట్లు పెట్టినారు బావా?"

"మామిడి."

"ఏ మామిడి? నాటుదా?"

"నాటుది కాదు, ఒట్టు మామి..."

మాట నోట్లోనే ఆగిపోయింది.

ఏటా ఒట్టు మొక్కలు తెచ్చి నాటేది ఆయనే. ఒక కొమ్మను ఇంకొక కాండానికి చెక్కి, కలిపి, కట్టుకట్టిన చోటును వేలితో తడిమి, 'ఒట్టు బాగా పట్టింది', 'ఈ ఒట్టు విడింది, పీకేయి' అని కూలివాళ్ళతో అనేది ఆయనే. పాలక్కోడు సంతలో, మహేంద్రమంగళం తోటల్లో అందరి నోటా నానే మాట. అతుకు. రెండు ముక్కలు కలిపిన చోటు. తోటలో అంతగా నలిగిన మాట, నాయన మంచం దగ్గర ఒక్కసారి కూడా ఆయన మనసుకు తట్టలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి కొడుకును దగ్గరికి పిలిచి ఒట్టు అంటే ఇంకేమనుకుంటారు?

"దూలంలో ఒట్టు ఉండాది, అది విడతా ఉండాది. అంతే మామ చెప్పింది" అంది యోగలక్ష్మి. "ఇంటి పెద్దాయన పెద్దకొడుక్కు ఇంటి దూలం సంగతి చెప్తా ఉండాడు, మీకు తెలిసిందే కదా అనుకొంటిని. మీరు చేతిలో చేయి వేసి ఏమో అన్నారు. అప్పుడు మీ మాట నాకు తెలియదు. బాగు చేయిస్తానని చెప్తా ఉండారు అనుకొంటిని. నన్ను ఎవురడిగినారు? నేను ఎవురికి చెప్పేది?"

చినుకులు పడుతూనే ఉన్నాయి. సత్తు గిన్నె నిండిన చప్పుడు వచ్చింది. కెంచమ్మ లేవలేదు.

"అవును రా గోవిందా" అంది పుట్టమ్మ మంచంలోనుంచి, ఎప్పటిదో చుట్టం కబురు చెప్పినట్టు. "నడిదూలం చెద తినేసింది కదా, నువ్వు పొలం కాడ కాపలా పడుకొనే ఏడు. కన్నప్పన్ ఆచారి వచ్చి చెద తిన్న సగం కోసేసి నడుమ వేరే మాను అతికినాడు. ఇనప పట్టీ కొట్టినాడు. మా అన్న పైన సున్నం పూసి ఎవురికీ చెప్పొద్దన్నాడు. దూలం అతికిన ఇల్లంటే పిల్లనెవురిస్తారు?"

గోవిందరాజప్ప నిచ్చెన తెచ్చాడు. లోపలికి రావడానికి గుమ్మం తగిలితే వంచి తెచ్చాడు. మేనత్త మంచానికి ఒక పక్కగా దాన్ని మధ్యగోడకు ఆనించి ఎక్కాడు. ఇన్నేళ్ళు కప్పు మీద పైనుంచే పని చేశాడు. పగిలిన పెంకు తీసి మంచిది పెట్టడమే తెలుసు. ఒట్టు పెట్టిన కప్పు కాబట్టి దూలాన్ని ఎప్పుడూ వేలితో కూడా తాకలేదు. ఇప్పుడు తాకాడు.

సున్నం పొర మీద పొర ఉంది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడివచ్చింది. కింద ఇనుప పట్టీ కనపడింది. పట్టీ అనడానికి లేదు, తుప్పు ముద్ద. ఆయన బొటనవేలితో నొక్కితే ఆకులా పొరలు పొరలుగా విరిగింది. దాని వెనక రెండు మానుల మధ్య సందు. అందులోకి ఆయన నాలుగు వేళ్ళూ పోయాయి. లోపల తడి, చెద మన్ను.

నాయన తల అడ్డంగా ఊపింది గుర్తుకొచ్చింది. కాదు నాయనా, అది కాదు, అని. మూడుసార్లు.

ఆ కండ్ల నీళ్ళు ఇన్నేళ్ళూ తనకు దక్కిన ఆశీర్వాదం అనుకున్నాడు.

ఆయన చేయి మాత్రం పనివాడి చేయి, అది తన పని తాను చేస్తూనే పోయింది. సందు వెంట తడుముకుంటూ కిందికి వచ్చింది. ఇంత విడిన దూలం, ఇంత బరువు పెంకు మోస్తూ, ఇన్ని వానలు ఎట్లా నిలిచింది? దూలానికీ మధ్యగోడకూ నడుమ సందు ఉండాలి, లేదు. వేలు దూరలేదు. అతుకు రెండు కొసలూ కిందికి జారి, మధ్యగోడ నెత్తిన గట్టిగా కూర్చొని ఉన్నాయి. పైవరస ఇటుక బరువుకు నలిగి పిండి అయి ఉంది.

పాలు పంచుకున్న ఏడు సెల్వరాజ్ కోపంతో కట్టించిన గోడ. అన్న మొహం కనపడకూడదని, పిల్లి కూడా దాటకూడదని, దూలానికి తగిలేదాకా పట్టుబట్టి లేపించిన గోడ. కప్పును ఇన్నాళ్ళూ మోసింది తన ఒట్టు కాదు, అది.

"యోగలక్ష్మీ" అన్నాడు గోవిందరాజప్ప. మరదల్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "మేస్త్రీ పిల్లర్ యాడ పెడతానన్నాడు?"

"నడుమ ఒకటి రావాల అన్నాడు. గోడ ఉండేచోట. అందుకే ముందు గోడ..."

ఆమె నోట మాట పూర్తి కాకముందే అవతలి పక్కనుంచి చప్పుడు వచ్చింది. దుమ్మని ఒకటి. గోడ అడుగున గడపార పడిన చప్పుడు. ఆ అదురు నిచ్చెన కాళ్ళలోనుంచి ఎక్కి గోవిందరాజప్ప పాదాలకు తగిలింది.

"బదులు వచ్చేదాకా తాళమంటిని" అంది యోగలక్ష్మి. "ఎంతసేపని తాళతాడు, మీరు ఊరకే నిలబడితే..." మిగిలింది అరవంలో అంటూ ఆమె అప్పటికే వాకిలి దాటింది. ఈ ఇంటినుంచి ఆ ఇంటికి దగ్గర దారి లేదు. వీధిలోకి పోయి, పశువుల కొట్టం చుట్టి, వెనక వాకిలిగుండా లోపలికి పోవాలి. గోడ లేచాక రెండిళ్ళూ మొహాలు తిప్పుకున్నాయి.

రెండో దెబ్బ పడింది. అతుకు సందులోనుంచి మన్ను రాలింది.

గోవిందరాజప్ప నిచ్చెన దిగలేదు, దూకాడు. తమ్ముణ్ణి పిలవాలి. నోరు తెరిచాడు. ఇన్నేళ్ళు తొక్కిపెట్టిన పేరు మూడో దెబ్బకు గానీ బయటికి రాలేదు.

"రేయ్ సెల్వా! ఆపరా!"

అవతల గడపార ఆగింది.

సత్తు గిన్నె అంచు దాటి నీళ్ళు నేల మీద పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోడకు అవతల మనిషి ఊపిరి పీల్చడం వినపడింది. అంత దగ్గరగా ఉన్నాడు సెల్వరాజ్. మధ్యలో ఇటుక వెడల్పే.

"ఇన్నాళ్ళకు పిలిచినావు అన్నా" అన్నాడు అవతలినుంచి. "పిలిచి కూడా అదే మాటా? ఆపు, ఆపు, ఆపు. నాయన పోయినప్పటినుంచి నీ నోట ఇంకొక మాట లేదు. ఇంక ఆపను. నీ ఒట్టు నీ దగ్గరే పెట్టుకో."

"అది కాదురా! ఒట్టు అంటే ఆ ఒట్టు..."

గడపార ఈసారి ముందరికంటే గట్టిగా పడింది. గోడ ఈ పక్క సున్నం నిలువునా చీలింది.

మంచం లాగాలి. గోవిందరాజప్ప, కెంచమ్మ చెరొక పక్క పట్టారు. మంచం కోడు ఆనించిన నిచ్చెనకు తట్టుకుంది. నిచ్చెన తలకాయ దూలం కింద ఇరుక్కొని ఉంది. ఇందాక వదులుగా ఉన్న నిచ్చెన, ఇప్పుడు రెండు చేతులతో గుంజినా కదలలేదు. దూలం దాని మీదికి దిగింది.

"నువ్వు ఆమెను ఎత్తుకో" అన్నాడు పెండ్లాంతో. తాను మంచానికి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడి, రెండు అరచేతులూ గోడకు ఆనించి ఒత్తిపట్టాడు. తమ్ముడు వేసే ప్రతి దెబ్బా చేతుల్లోకి వచ్చి, మోచేతులు దాటి, రొమ్ములో పడుతోంది. తల పైన, నాయన చెప్పిన చోట, ఏదో మెల్లగా, తీరిగ్గా, కిర్రుమంటూ విడుతోంది.

చెద మన్ను, సున్నపు పొట్టు జలజలా పుట్టమ్మ మొహం మీద రాలాయి. ఆమె పొర కమ్మిన కండ్లు ఆర్పి, చేత్తో చెంప తడుముకుంది.

"ఈడ కూడా కారతా ఉండాదా గోవిందా?" అని అడిగింది.